సర్ క్లెమెంట్స్ మార్కమ్ జీవితము

చలిజ్వరమనగా నెట్టిదో మన జుక్కల్ ప్రాంతపు పెద్దలను అడిగిన వారే చెప్పుదురు. మొదట ఒడలు గడగడ వణకును. దుప్పటిమీద దుప్పటి కప్పినను చలి తీరదు. పిమ్మట నిప్పువంటి వేడి పుట్టును. తుదకు చెమట పోసి రోగి సొమ్మసిల్లి పడును. ఒకదినము విడిచి మరల ఆ వేళకే చలి వచ్చును. కౌలాసు కోట క్రింది వాగును, మంజీరానదియు, 1931లో ముగిసిన నిజాంసాగరమును మన సీమకు ప్రాణాధారములు. అయినను నీరు నిలిచినచోట దోమ పుట్టుట లోకసహజము. నేడు జ్వరము వచ్చినవాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయినచో రక్తపుబొట్టు పరీక్షించి, మలేరియా యని తేలినంతనే మాత్రలను ఉచితముగా నిత్తురు. మాత్ర ఉచితముగా దొరకుట ఎంతటి భాగ్యమో ఊరక చెప్పిన బోధపడదు. ఒకప్పుడు ఈ మందు ఎవరి చేతిలోనుండెనో, పేదవాని చేతికి ఎట్లు వచ్చెనో తెలిసికొనవలెను. అందుకొరకు మేము ఈ సంవత్సరపు సంచికలో సర్ క్లెమెంట్స్ మార్కమ్ అను ఆంగ్లేయుని జీవితమును వ్రాయ బూనితిమి. ఆయన వైద్యుడు కాడు, రసాయన శాస్త్రజ్ఞుడు కాడు, తోటపని నేర్చినవాడును కాడు. లండను నగరమున ఒక కచేరీలో గుమాస్తాగా నుండినవాడు. అట్టివానికి ఈ కార్యము ఎట్లు లభించెనో వినుడు.

ముందుగా మందు సంగతి చెప్పవలెను. దక్షిణ అమెరికాలో ఆండీస్ అను పర్వతపంక్తి గలదు. దాని తూర్పు వాలులందు, ఎల్లప్పుడును మంచు కమ్మియుండు అడవులలో, సింకోనా యను చెట్టు పెరుగును. దాని బెరడు మిక్కిలి చేదు. పదునేడవ శతాబ్దమున పెరూ దేశమునందలి యేసుసభ ఫాదరీలు ఈ బెరడు పొడిని ఐరోపా ఖండమునకు పంపిరి. అందుచే దానికి యేసుసభవారి పొడి యని పేరు కలిగెను. పెరూ రాజప్రతినిధి భార్యయగు చించోన్ ప్రభ్వి ఈ పొడిచే స్వస్థత పొందెనని ఒక కథ వ్యాపించెను. చెట్టుకు వచ్చిన పేరు ఆ ప్రభ్వి పేరే. కాని కథకు ఆధారము లేదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. 1820వ సంవత్సరమున పారిసు నగరమున పెలెటియే, కావెంటూ అను ఇరువురు ఔషధ శాస్త్రజ్ఞులు బెరడునుండి క్వినైన్ అను సారమును వేరుపరచిరి. మనవారు కొయినా యని పిలిచినది ఇదియే. వారిరువురును తమ విధానమును దాచుకొనలేదు, దానిపై హక్కు కోరలేదు, లోకమునకు ప్రకటించిరి. ఆ విధముగా విధానము అందరిదయ్యెను గాని చెట్టు అందరిది కాలేదు. అది పెరూ, బొలీవియా మొదలగు కొన్ని దేశముల కొండలలో తప్ప మరెక్కడను లేదు. బెరడు తీయువారు చెట్టును మొదలంట నరికి, ఒలిచి, మరియొకటి నాటకయే ముందునకు సాగుచుండిరి. చెట్లు తరిగినకొలది ధర పెరిగెను. మన దేశమున కొయినా సర్కారు సైన్యములకును, దొరలకును, ధనికులకును అందెడి వస్తువే గాని, కూలివానికిని రైతునకును అందునది కాకుండెను.

క్లెమెంట్స్ మార్కమ్ 1830వ సంవత్సరము జూలై 20వ తేదీన ఇంగ్లండులోని యార్కుషైరు సీమలో స్టిల్లింగ్‌ఫ్లీట్ అను గ్రామమున జన్మించెను. తండ్రి డేవిడ్ మార్కమ్ ఆ గ్రామపు దేవాలయమున గురువు. వంశపూర్వికులలో ఒకరు యార్కు నగరపు ఆర్చిబిషప్పుగా నుండిరి. బాలుడు చీము బడిలోను, పిమ్మట వెస్ట్‌మినిస్టరు బడిలోను చదివెను. చరిత్ర, భూగోళము అతనికి ప్రియమైన విషయములు. అయినను పదునాలుగేండ్ల ప్రాయముననే, అనగా 1844లో, నౌకాదళమున చేరి పసిఫిక్ మహాసముద్రమునకు పయనమయ్యెను. ఆ యానములోనే అతడు తొలిసారి పెరూ తీరమును చూచెను. కొండలకావల ఇంకా జాతివారి పురాతన రాజ్యము వర్ధిల్లెననియు, స్పెయినువారు వచ్చి దానిని నశింపజేసిరనియు విని, దాని చరిత్ర తెలిసికొనవలెనని కుతూహలపడెను.

నౌకాదళములో అతనికి పేరు రాకపోలేదు. 1850లో ఉత్తరధ్రువ సముద్రమున తప్పిపోయిన ఫ్రాంక్లిన్ నాయకుని వెదక బోయిన ఓడలలో ఒకదానిలో అతడును ఉండెను. కాని ఆ దినములలో ఓడలమీద చిన్న తప్పిదమునకు సయితము నావికులను కొరడాలతో కొట్టుచుండిరి. ఆ దండన మార్కమ్ మనస్సునకు సరిపడలేదు. తండ్రికి ఇష్టము లేకున్నను కొలువు విడిచి, 1852లో తన యిష్టముననే పెరూకు పయనమై, ఆండీస్ కొండలెక్కి, ఇంకాల పూర్వరాజధానియగు కుజ్కో నగరము చేరెను. శిథిలములను చూచెను, కొండవారి భాషయగు కెచువాను అభ్యసించెను, తూర్పు వాలులందలి అడవులలో తిరిగెను. ఆ అడవులలోనే సింకోనా చెట్లు కలవు. అప్పుడు ఆ చెట్లతో తనకు ముందుముందు పని కలుగునని అతడు ఎరుగడు.

1853లో తండ్రి మరణించెను. ఇల్లు చేరిన కుమారునకు జీవనోపాధి కావలసి వచ్చెను. ఒక పన్నుల కచేరీలో గుమాస్తాగా చేరి, మరుసటి సంవత్సరము భారతదేశ వ్యవహారములు చూచు కచేరీకి మారెను. 1857లో మిన్నా చిచెస్టర్ అను విద్యావతిని వివాహమాడెను. 1858లో ఈస్టిండియా కంపెనీ పాలన ముగియగా ఆ కచేరీయే ఇండియా ఆఫీసుగా మారెను. సింకోనాను భారతదేశమున నాటవలెనను యోచన అతనిది కాదు. సహరన్‌పూరు సర్కారు తోటకు అధికారిగా నుండిన డాక్టరు రాయిల్ ఇరువది సంవత్సరములకు పూర్వమే దీనిని సూచించి, పలుమార్లు విన్నవించి, కార్యము చూడకయే 1858లో మరణించెను. డచ్చివారు అంతకుముందే కొన్ని మొక్కలను జావా ద్వీపమునకు చేర్చియుండిరి. ఇండియా ఆఫీసున మార్కమ్ ఆ పాత కాగితములను చదివెను. ఆ కచేరీలో పెరూ కొండత్రోవలు నడిచినవాడును, అచ్చటివారి భాష వచ్చినవాడును అతడొక్కడే. తానే పోవుదునని ముందునకు వచ్చెను. 1859లో అధికారులు సమ్మతించిరి.

ఈ యత్నమునకు దయ యొక్కటే కారణమని మేము వ్రాసినచో అసత్యమగును. ఉష్ణదేశములలో జ్వరమునకు రాలిపోవు సైనికుల లెక్కయు, ఏటేట పెరుగుచున్న కొయినా వ్యయమును ప్రభుత్వమును కదిలించెను. కాని మార్కమ్ మనస్సున మరియొక లక్ష్యమును ఉండెను. భారతదేశపు కొండలపై ఈ చెట్లు విరివిగా పెరిగినచో, పల్లెలలోని పేదలకు సయితము జ్వరపు మందు చౌకగా దొరకునని అతని ఆశ. తరువాత వ్రాసిన గ్రంథములలో అతడీ లక్ష్యమును మరల మరల నొక్కి చెప్పెను.

సింకోనాలో పలు జాతులు కలవు. అందుచే మార్కమ్ పనిని భాగములుగా చేసెను. పసుపు బెరడు గల కలిసాయా జాతిని తాను దక్షిణ పెరూలో తెచ్చుటకును, బూడిదరంగు బెరడును ప్రిచెట్ అనునాతడు ఉత్తర పెరూలో సేకరించుటకును, ఎఱ్ఱబెరడును రిచర్డ్ స్ప్రూస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ఈక్వడార్ దేశమున సేకరించుటకును ఏర్పాటయ్యెను. 1859 డిసెంబరులో మార్కమ్ భార్యతోను, జాన్ వియర్ అను తోటమాలితోను ఓడ ఎక్కి, 1860 జనవరిలో పెరూ చేరెను.

భార్యను పట్టణమున ఉంచి, మార్కమ్, వియర్ మంచుకొండలు దాటి, కరబాయా సీమకు పోయి, తంబొపాటా నది లోయలోనికి దిగిరి. అది దారి లేని అడవి. ఎడతెగని వాన, కాలు జారిన క్రింద అగాధము, తినుటకు మూటగట్టుకొన్న ఎండుతిండి తప్ప లేదు. కొండజాతి కూలీలు ముందు నడచి, కత్తులతో తీగలు కోసి, ఏ చెట్టు ఏ జాతిదో ఆకు చూచి చెప్పుచుండిరి. వారి ఎరుక లేనిదే ఒక మొక్కయైనను దొరకకుండెడిది. కొలది వారములలో అయిదువందల పైచిలుకు మొక్కలు సేకరించిరి.

అంతలో సంగతి పొక్కెను. బెరడు వర్తకమే ఆ సీమవారి జీవనము. పరదేశీయుడు మొక్కలు గొనిపోవుచున్నాడనియు, అవి పరాయి నేల వేరూనినచో తమ నోటికూడు పోవుననియు వారు భయపడిరి. వారి భయము నిష్కారణము కాదు. మొక్కలను సాగనీయవద్దని స్థానికాధికారులకు వార్తలు పోయెను. మార్కమ్ వియర్‌ను ఒక త్రోవన పంపి, తాను మొక్కల మూటలతో జనసంచారము లేని కొండత్రోవ పట్టెను. చలికి మొక్కలు చావకుండ రాత్రులందు గుడారములో కంబళ్లు కప్పి కాపాడెను. తీరమునందలి ఇస్లాయ్ రేవు చేరగా సుంకపు అధికారులు అడ్డగించిరి. రాజధానియగు లీమా నగరమునకు పోయి మంత్రినుండి ఉత్తరువు తెచ్చుకొన్నగాని పెట్టెలు ఓడ ఎక్కలేదు.

మొక్కలను గాజుపలకల పెట్టెలలో నుంచిరి. ఇస్లాయ్ నుండి పసిఫిక్ సముద్రము మీదుగా తిన్నగా భారతదేశమునకు ఒక ఓడ ఇయ్యుడని మార్కమ్ అంతకుముందే కోరియుండెను. వ్యయమెక్కువయని కాబోలు, అధికారులు ఒప్పుకొనరైరి. అందుచే మంచుకొండల మొక్కలు పనామా మీదుగా ఇంగ్లండు చేరి, అక్కడినుండి మధ్యధరాసముద్రము దాటి, ఎఱ్ఱసముద్రపు కాకకు గురియయ్యెను. 1860 అక్టోబరున నీలగిరి చేరునప్పటికి వేరులు కుళ్లియుండెను. సంవత్సరము ముగియకమునుపే అవన్నియు చచ్చెను. ప్రాణములకు తెగించి తెచ్చిన మొక్కలలో ఒక్కటియు మిగలలేదు.

కార్యము నిలిచినది స్ప్రూస్ వలన. ఆయన 1849 నుండి ఆమెజాన్ అరణ్యములలో తిరుగుచు చెట్లను పరిశీలించుచుండెను. ఈ పని చేపట్టినప్పుడే వీపును కాళ్లును పట్టుకొనిపోయి, సరిగా కూర్చుండను నిలువను లేని స్థితిలోనుండెను. అయినను చింబొరాజో పర్వతపు పడమటి అడవులలో మకాము వేసి, ఆ అడవుల యజమానులకు సొమ్ము చెల్లించి సెలవు పొంది, రాబర్ట్ క్రాస్ అను తోటమాలి సాయమున లక్ష విత్తనములను, 637 మొక్కలను సమకూర్చెను. తెప్పలపై నదిలో దిగునప్పుడు ఒడ్డుచెట్లు తగిలి తెప్పమీది పాక విరిగినను పెట్టెలను కాపాడుకొనిరి. 1861 జనవరి 2వ తేదీన క్రాస్ వానితో గ్వాయకిల్ రేవు విడిచెను. ఆ సంవత్సరమే నాలుగువందలకు పైగా ఎఱ్ఱబెరడు మొక్కలు సజీవముగా ఉదకమండలము చేరెను.

వానిని అందుకొన్నవాడు విలియం మెకైవర్. ఆయన 1848 నుండి ఉదకమండలపు సర్కారు తోటకు అధికారి. దొడ్డబెట్టయు, నడువట్టమును తోటలకు తగిన చోట్లని ఏర్పరచిరి. మెకైవర్ విత్తనములను మొలిపించి, కొమ్మలను అంట్లు కట్టి, కొలది యేండ్లలోనే లక్షల మొక్కలు చేసెను. బెరడు కొరకు చెట్టును నరకవలసిన పనిలేదనియు చూపెను. నిలువుగా ఒక పట్టె బెరడు మాత్రము తీసి, ఆ గాయమును నాచుతో కప్పినచో కొంతకాలమునకు మరల బెరడు పట్టును. నరికి పోవు పద్ధతికిని, పెంచి తీయు పద్ధతికిని ఇదియే భేదము. ఆ తోటలలో చెమటోడ్చినవారిని కూడ తలపవలెను. స్థానిక కూలీలతోపాటు మలయా తీరపు చెరలనుండి తెచ్చిన చీనా ఖైదీలు నడువట్టమున పనిచేసిరి. వారి పేరులు ఏ ఫలకముపైనను లేవు.

ఇచట ఒక చిక్కు ఏర్పడెను. ఎఱ్ఱబెరడు చెట్టు మన కొండలపై చక్కగా పెరిగినను, దానిలో క్వినైన్ పాలు తక్కువ. సింకొనిన్, సింకొనిడిన్ మొదలగు తోబుట్టువుల వంటి సారములు ఎక్కువ. పాశ్చాత్య వర్తకులు క్వినైన్‌కే విలువ ఇచ్చి మిగిలినవానిని లెక్కచేయకుండిరి. 1866లో మద్రాసు, బొంబాయి, బెంగాలు రాష్ట్రములందు వైద్యసంఘములను నియమించి, ఆ సారములనన్నిటిని జ్వరపీడితులకు ఇచ్చి పరీక్షించిరి. అవియు క్వినైన్‌కు ఇంచుమించు సమానముగా జ్వరము మాన్పునని తేలెను. పేదల మందునకు మార్గము తెరచినది ఈ పరీక్షయే. తెల్లని మేలిమి క్వినైన్ తీయవలెనన్న వ్యయమెక్కువ. బెరడులోని సారములనన్నిటిని కలిపి పొడిగా తీసినచో వ్యయము తక్కువ, గుణము చాలినంత. నీలగిరులలో బ్రౌటన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఇట్టి యత్నము చేసెను. బెంగాలున డార్జిలింగు కొండలలోని మంగ్పూ తోటయందు 1870 తరువాత ఇట్టి జ్వరహరచూర్ణమునే చేసి సర్కారు ఆసుపత్రులకు ఇచ్చిరి. క్రమముగా మంగ్పూలోను, నడువట్టమునను క్వినైన్ కర్మాగారములు నెలకొనెను. 1892లో బెంగాలున తపాలా కచేరీలలో కొయినా పొట్లములను ఒక్కొక్కటి ఒక పైసాకు అమ్మసాగిరి. పిమ్మట ఇతర రాష్ట్రములకును ఆ ఏర్పాటు వ్యాపించెను. కార్డుముక్క కొనబోయినవాడు జ్వరపు మందును కొనితెచ్చుకొనగలిగెను. వైద్యుడు లేని పల్లెకు తపాలా జవాను ఉండెను గదా!

ఇంతటితో కథ సుఖాంతమని వ్రాయుటకు వీలులేదు. తోటలు సర్కారువి. బెరడు చేతికి వచ్చిన తరువాత దానిని ఇచ్చటనే మందుగా మార్చవలెనా, లండను సంతలో అమ్మి తోటల వ్యయమును రాబట్టుకొనవలెనా యను ప్రశ్న పుట్టినప్పుడు, పలుమార్లు రెండవ మార్గమే గెలిచెను. మరియొక పొరపాటును జరిగెను. బొలీవియాలో వర్తకము చేయుచుండిన చార్లెస్ లెడ్జర్ అను ఆంగ్లేయునకు మాన్యుయెల్ ఇంక్రా మామని యను కొండజాతి సేవకుడు ఉండెను. శ్రేష్ఠమైన బెరడు ఏ చెట్టుదో మామనికి తెలియును. అతడు యేండ్ల తరబడి కాచియుండి విత్తనములను సేకరించి యజమానికి ఇచ్చెను. 1865లో ఆ విత్తనములు లండను చేరగా ఆంగ్ల ప్రభుత్వము కొననొల్లలేదు. డచ్చివారు ఒక పౌను తూకము కొని జావాలో నాటిరి. ఆ చెట్ల బెరడున క్వినైన్ నూటికి పది పాళ్లకు మించి యుండెను. స్వదేశపు విత్తనములను ఇచ్చెనను నేరమునకు మామనిని చెరలో వేసి కొట్టిరి. 1871లో అతడు మరణించెను. లోకమున కోట్లమంది మ్రింగిన కొయినా ఆ దీనుడు ఏరిన గింజలనుండి వచ్చినదే.

జావా చెట్లముందు నీలగిరి చెట్లు నిలువలేకపోయెను. 1913లో జావా తోటలవారును, మందు చేయువారును ఒప్పందము చేసికొని ధరను తమ అదుపున ఉంచుకొనిరి. 1930 ప్రాంతమునకు లోకమందలి కొయినాలో పదింట తొమ్మిదివంతులు జావా బెరడునుండియే వచ్చుచుండెను. భారతదేశము తనకు కావలసినదానిలో కొంతభాగమే చేసికొనుచు మిగిలినది కొనుచుండెను. 1942లో జపానువారు జావాను ఆక్రమింపగా ఆ సరఫరా ఒక్కసారిగా నిలిచెను. మరుసటి సంవత్సరమే బెంగాలు కరవు. అన్నము లేక క్షీణించిన జనులమీద మలేరియా విరుచుకపడినప్పుడు కొయినా చాలినంత దొరకలేదు. చెట్టును తెచ్చి ఎనుబదియేండ్లు గడచినను, చేయవలసినంత మందును ఇచ్చటనే చేసికొననందువలని నష్టమిది.

మార్కమ్ తరువాతి జీవితమును సంగ్రహముగా చెప్పుదుము. ఆయన 1862లో తన పెరూ, భారతదేశ యాత్రలను గూర్చియు, 1880లో సింకోనా చరిత్రను గూర్చియు గ్రంథములు ప్రకటించెను. 1867లో అబిస్సీనియా దండయాత్రతో భూగోళ శాస్త్రజ్ఞుడుగా పోయెను. 1875లో ఉత్తరధ్రువమునకు పోవు ఓడ ఎక్కి సెలవు మీరి గ్రీన్లండుదాక పోయినందున పై అధికారుల ఆగ్రహమునకు గురియై, 1877లో ఇండియా ఆఫీసు కొలువు విడువవలసి వచ్చెను. రాయల్ భూగోళ సంఘమునకు ఇరువదియైదేండ్లు కార్యదర్శిగాను, 1893 నుండి 1905 వరకు అధ్యక్షుడుగాను ఉండెను. 1896లో సర్ బిరుదు పొందెను. దక్షిణధ్రువమునకు స్కాట్ నాయకుని మొదట పంపినవాడు ఆయనయే. తొందరపాటు, పట్టుదల, తన అభిప్రాయమే సరియనుట ఆయన స్వభావమున కలవు. కాని ఒక గుణమును మరువరాదు. కూడబెట్టిన సొమ్మంతయు గ్వాయకిల్‌లో ఒక వర్తకశాల దివాలా తీయుటచే పోగొట్టుకొని, రోగముతో స్వదేశము చేరిన స్ప్రూస్‌ను ప్రభుత్వము మరచిపోయినను మార్కమ్ మరువలేదు. విడువక విన్నపములు వ్రాసి, ఆయనకు కొంత ఉపకారవేతనము ఇప్పించెను. తాను ఓడినచోట గెలిచినవానికి న్యాయము జరిగింప పాటుపడుట అందరికి చేతనగు పనికాదు. 1916 జనవరిలో, ఒకనాటి రాత్రి పడకలో క్రొవ్వొత్తి వెలుతురున చదువుకొనుచుండగా బట్టలకు నిప్పంటుకొని, మరునాడు, అనగా 30వ తేదీన, ఎనుబదియైదేండ్ల వయస్సున పరమపదించెను.

ఆయన చేసినది ధర్మమా, దొంగతనమా యని నేటి విద్యార్థులు అడుగవచ్చును. మా అభిప్రాయము చెప్పుదుము. రోగికి మందు అందవలెననుట ధర్మము. ఆ మందు ఎవరి అడవినుండి వచ్చెనో వారికి ఏమియు ముట్టకపోవుట అధర్మము. మొదటిది రెండవదానిని మాపదు. స్ప్రూస్ సొమ్ము చెల్లించి సెలవు పొందెను. ఆయన మొక్కలే బ్రదికెను. మేము దీనిని నీతికథగా మార్చము. మార్కమ్ మొక్కలను చంపినది ఎఱ్ఱసముద్రపు వేడియే. అయినను అడిగి తీసికొనుటకు వీలున్నదని స్ప్రూస్ చేసిన పని సాక్ష్యమిచ్చుచున్నది.

మన తెలుగునాడును ఈ చరిత్రలో చేరియున్నది. గోదావరి, విశాఖపట్టణపు మన్యములకు పోవుటకు ఉద్యోగులు జడియుచుండిరి. 1879 నాటి రంపపితూరీలో సైన్యమును తుపాకులకంటె మన్యపు జ్వరమే ఎక్కువ బాధించెను. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదునందు రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశమున ఏటేట 7.5 కోట్ల మందికి ఈ జ్వరము వచ్చుచు, 8 లక్షలమంది మరణించుచుండిరని సర్కారువారి అంచనా. 1934లో జర్మనీలో రసాయనముల కలయికచే చేయబడిన క్లోరోక్విన్, రెండవ ప్రపంచయుద్ధానంతరము వ్యాప్తికి వచ్చినందున చెట్టుతో పని తగ్గెను. కర్మాగారముతో పని పెరిగెను. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అను సర్కారు మందుల సంస్థ రష్యావారి సాయమున హైదరాబాదు బాలానగరునందు పెద్ద కర్మాగారమును కట్టెను. కాలక్రమమున అది మూతపడినను, అచ్చట పని నేర్చినవారిలో కొందరు సొంత కర్మాగారములను నెలకొల్పిరి. హైదరాబాదు నేడు మందుల నగరమని పేరుగాంచుటకు అది బీజమయ్యెను. బెరడును లండనుకు పంపిన దేశము నేడు మాత్రలను లోకమునకు పంపుచున్నది.

అయినను పని ముగియలేదు. 1972లో చీనా దేశపు తూ యూయూ అను విదుషి ఒక మాచిపత్రి జాతి మొక్కనుండి ఆర్టెమిసినిన్ అను మందును వేరుపరచి, 2015లో నోబెల్ బహుమానము పొందెను. ఇంత శ్రేష్ఠమైన మందు ఉన్నను 2023లో లోకమున 26 కోట్లకు పైగా మలేరియా రోగులు ఉండిరి. 5,97,000 మంది మరణించిరి. మృతులలో నూటికి 95 మంది ఆఫ్రికావారు. వారిలో అధికులు అయిదేండ్లలోపు పసివారు. ఆ ఖండము తన మందులలో అధికభాగమును నేటికిని దూరదేశములనుండియే కొనుచున్నది. 2023లో కెన్యా దేశపు యూనివర్సల్ కార్పొరేషన్ అను కర్మాగారము, గర్భిణులకు మలేరియా రాకుండ ఇచ్చు సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ మాత్రలకు ప్రపంచ ఆరోగ్యసంస్థ యోగ్యతాపత్రమును పొందెను. ఆ మందు విషయమున ఆఫ్రికా ఖండమునకు దక్కిన మొదటి యోగ్యతాపత్రమది. నీలగిరిలో నాడు మొదలైన పని నేడు అచ్చట మొదలగుచున్నదని మేము తలంచుచున్నాము.

విద్యార్థులారా, ఈ జీవితమునుండి మీరు గ్రహింపవలసినది ఒక్కటి కలదు. మందు కనిపెట్టబడినంత మాత్రమున పేదవానిది కాదు. చెట్టు దొరికినంత మాత్రమునను కాదు. అది అతని దేశమున చేయబడి, అతని కూలిడబ్బులకు తగిన ధరకు, అతని ఊరి కచేరీలో దొరకినప్పుడే అతనిదగును. ఆ దూరములో కొంత మార్కమ్ నడిచెను. కొంత స్ప్రూస్ వంగిన వీపుతో నడిచెను. కొంత మామని ప్రాణమిచ్చి నడిచెను. కొంత పేరులేని ఖైదీలు నడిచిరి. మిగిలినది మీ తరమువారిది. మీలో రసాయన శాస్త్రము చదువువారు ఉందురు, దాదులగువారు ఉందురు, కచేరీలలో గుమాస్తాలగువారును ఉందురు. ఏ కొలువున నున్నను పాత కాగితములలో పేదవాని మేలు దాగియుండవచ్చునని ఎరిగి చదువుడు. అంతవరకు మీ ఇంటి ముంగిట నీరు నిలువనీయకుడు. జ్వరము వచ్చినచో రక్తపరీక్ష చేయించుకొనుడు. ఇచ్చిన మాత్రలను, జ్వరము తగ్గెనని నడుమ మానక, చెప్పిన దినములన్నియు మ్రింగుడు. ఎందరి కష్టముననో మీ చేతికి వచ్చిన మాత్రను సగము పారవేయుట తగదు. రోగులను స్వస్థపరచిన ప్రభువు మీకును, మీ ఇండ్లవారికిని ఆరోగ్యము దయచేయును గాక!